ముప్పై ఎనిమిదో డిస్క్

రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడింది. ఆగిపోలేదు. అందుకని మసూదా ఉద్యోగం పోయింది.

అడిలైడ్‌లో మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పాత ప్రోగ్రాములను వెతికి, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడం ఆమె పని. పంతొమ్మిది నెలలు అదే చేసింది. కొత్త సంవత్సరం ఏ గొడవా లేకుండా గడిచిపోయాక మేనేజరు అందరికీ కేకు పంచాడు. ఫిబ్రవరిలో కాంట్రాక్టు ముగిసిందని కాగితం ఇచ్చాడు.

మసూదాకి ముప్పై ఒక్కేళ్లు. నంద్యాలలో పరుపులు కుట్టే దూదేకులవాళ్ల ఇంటి కోడలు. భర్త బస్సు ప్రమాదంలో పోయేనాటికి పాప ఫిజాకి ఏడాది నిండలేదు. ఆ దుఃఖంలోనే హైదరాబాదు వెళ్లి కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుంది. ఆరు నెలల పనే అని కంపెనీ చెబితే, రెండేళ్ల బిడ్డను భర్త అక్క హుసేన్‌బీ చేతుల్లో పెట్టి విమానం ఎక్కింది. ఆరు నెలలు ఏడాదయింది. రెండో ఏడాది ఎవరికీ సెలవులు ఇవ్వలేదు. ఇప్పుడు పనీ లేదు, పర్మనెంట్ వీసా దరఖాస్తు ఇంకా తేలలేదు. అది తేలేదాకా దేశం దాటితే మళ్లీ రానిస్తారన్న నమ్మకం లేదు. వీసా వస్తే పాపను తెచ్చుకోవచ్చు. వచ్చేదాకా ఆదివారం ఫోన్లే.

ఆ రోజుల్లో దారి చూపించింది విద్యావతి. గుంటూరు మనిషి. ఇరవై ఏళ్లుగా అడిలైడ్‌లోని యూనివర్సిటీ లైబ్రరీలో పాత రాతప్రతుల విభాగం చూస్తోంది.

“మసూదా, నీకు పాత మెషీన్లంటే భయం లేదుగా?” అంది ఒకరోజు ఫోన్ చేసి. “లైబ్రరీకి ఒక ప్రీస్ట్ గారి రైటింగ్స్ డొనేషన్‌గా వచ్చాయి. న్యూగినీ దీవిలో, ఇండోనేషియా వైపున అస్మత్ అని ఒక జాతి ఉంది. వాళ్ల మధ్య ట్వంటీ ఎయిట్ ఇయర్స్ ఉన్నాడాయన. వాళ్ల పాటలు, పండుగలు, చావులు, పుట్టుకలు అన్నీ రాసిపెట్టాడు. నోట్‌బుక్స్ మేం మైక్రోఫిల్మ్ చేసేశాం. ఫ్లాపీలే ఎవరి వల్లా కావట్లేదు. త్రీ మంత్స్ కాంట్రాక్ట్. ట్రై చేస్తావా?”

“చేస్తా ఆంటీ. అస్మత్ అంటే మా చిన్నమ్మ పేరే,” అంది మసూదా. చాలా రోజుల తర్వాత నవ్వింది.

బిస్కెట్ల డబ్బాలో అరవై మూడు ఫ్లాపీలు వచ్చాయి. అరచేయంత వెడల్పున, వంచితే వంగే పాతకాలపువి. ఇంటి కప్పు మీద సోలార్ పలక పెట్టుకుని నడిపిన కంప్యూటర్‌లో ఆయన అవన్నీ రాశాడట. సగానికి పైగా బూజు పట్టి ఉన్నాయి.

వాటిని చదివే డ్రైవ్ ఒకటి ఇంజనీరింగ్ విభాగం స్టోర్‌రూమ్‌లో దొరికింది. మసూదా ఒక్కో ఫ్లాపీ తొడుగు అంచును బ్లేడుతో కోసి, లోపలి పల్చటి చక్రాన్ని బయటికి తీసేది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచి, ఆరబెట్టి, కొత్త తొడుగులో పెట్టేది. అంత చేస్తే కొన్ని ఒక్కసారి చదవనిచ్చేవి. కొన్ని అదీ లేదు. మొదటి వారంలో నాలుగు డిస్కులు బయటపడ్డాయి. ఇంగ్లీషు వాక్యాలు బాగానే ఉన్నాయి కానీ, మధ్యమధ్య నక్షత్రాలు, డాలరు గుర్తులు, అంకెలు కలగలిసి అర్థంకాని ముద్దలు వచ్చాయి.

“అవి అస్మత్ మాటలై ఉంటాయి. ఆయన్నే అడగాలి,” అంది విద్యావతి. “సెమఫోర్‌లో, బీచ్ పక్కన రిటైర్డ్ ప్రీస్టులుండే ఇంట్లో ఉంటారు. ఈసారికి నేను డ్రాప్ చేస్తా, పద.”

ఫాదర్ బ్రెండన్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. బాగా పొడగరి, ఎముకల గూడులా సన్నబడ్డాడు. సముద్రం కనిపించే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మసూదా ఇచ్చిన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఇంగ్లీషులోనే.

“నా మెషీన్‌లో వాళ్ల భాషకి సరిపోయే అక్షరాలు లేవు. అందుకని దొరికిన గుర్తులన్నీ వాడుకున్నాను. ఏది దేనికో ఒక పట్టిక రాసిపెట్టాను, అదేమో పోయింది.”

“మీకు గుర్తున్నాయా ఫాదర్?”

“చూద్దాం.”

ఆయన పెదవులు కదిపాడు. తర్వాత ఒక్కో ముక్కే పైకి పలికాడు. రెండో పేరాకి వచ్చేసరికి గొంతు మారిపోయింది. అంతవరకూ ఇంగ్లీషు మాట్లాడిన ముసలాయన కాదు, ఎవరో పడుచువాడు గట్టు మీద నిలబడి నదికి అవతల ఉన్నవాళ్లని పిలుస్తున్నట్టుంది. పేజీ అయిపోయాక కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఈ మాటలు నోటితో పలికి పదకొండేళ్లయింది,” అన్నాడు. “ఇక్కడ ఎవరితో పలకను?”

అప్పటినుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం మసూదా బస్సెక్కి సెమఫోర్ వెళ్లేది. ఆయన చదివేవాడు. ఏ గుర్తుకి ఏ శబ్దమో ఆమె రాసుకునేది. పని మధ్యలో ఆయన ఆ దేశం గురించి చెప్పేవాడు. అక్కడ రాయి కనిపించదట, అంతా బురదే. సముద్రం పోటెత్తితే నదులు వెనక్కి పారతాయట. సాగో అనే తాటి జాతి చెట్టును పడగొట్టి, బోదెలోని పిండిని కడిగి కాల్చుకు తింటారట. అదే వాళ్ల అన్నం. సగ్గుబియ్యం అసలు పుట్టింది ఆ చెట్టులోనే అని తెలిసి, మసూదా మరుసటి బుధవారం సగ్గుబియ్యం పాయసం వండి పట్టుకెళ్లింది.

ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, “ఇది సాగో కాదు,” అన్నాడు. గిన్నె ఖాళీ చేశాక, “అయినా వచ్చే వారం మళ్లీ తే,” అన్నాడు.

ఆ రోజే టెవెర్ గురించి చెప్పాడు.

ఆయన పుట్టింది అడిలైడ్‌కి దగ్గర్లోని కపుండాలో, గోధుమ పండించే ఇంట్లో. అస్మత్ వాళ్ల దగ్గరికి వెళ్లిన ఏడేళ్లకి అమ్మ పోయింది. ఆ కబురు రాసిన ఉత్తరం పడవలో చేరడానికి ఆరు వారాలు పట్టింది. ఆయన అది పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంటే, ఊరివాళ్లు విషయం తెలుసుకుని వెళ్లిపోయారు. కాసేపటికి టెవెర్ అనే ఆడమనిషి వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆమె కొడుకు బెవోర్ నదిలో మునిగి చనిపోయాడు. ఆమె ఏమీ మాట్లాడకుండా బురదలో పడి పొర్లుతూ ఏడ్చింది. వాళ్లు చావుకి అలాగే ఏడుస్తారు.

“తను ఎన్నడూ చూడని మా అమ్మ కోసం ఏడ్చింది,” అన్నాడు ఫాదర్. “ఏడ్చి లేచి, ఒళ్లంతా బురదతోనే నా దగ్గరికొచ్చి, ‘నీకు అమ్మ లేదు, నాకు బెవోర్ లేడు’ అంది. ఆ రోజు నుంచి ఊరంతా నన్ను బెవోర్ అనే పిలిచింది. ఆమె నాకన్నా ఆరేడేళ్లే పెద్ద. కానీ ఆ ఊళ్లో చూసేది వయసు కాదు, పేరు.”

గుండె జబ్బు ముదిరి, ఎనభై తొమ్మిదిలో ఆయన తిరిగి రావలసి వచ్చింది. బయలుదేరే ముందు సాయంత్రం టెవెర్ ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఆమె వెళ్లగానే ఆయన చేతికందిన డిస్క్‌లో అంతా రాసిపెట్టాడు. మళ్లీ చదివింది లేదు.

“ముప్పై ఎనిమిదో నంబరు. మిగతావన్నీ పండితులకి పనికొస్తాయి. అదొక్కటి నాకు కావాలి.”

ఆ ఆదివారం మసూదా ఫోన్ కార్డు మీద నంద్యాలలో ఇంటి దగ్గరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసింది. హుసేన్‌బీ అప్పటికే అక్కడ కాచుకుని ఉంది.

“బాగుండావా మసూదా? బువ్వ తిన్యావా? ఇదో, ఫిజాకి ఇస్తాండా. ఫిజా, అమ్మతో మాట్లాడు.”

పాప గొంతు స్పష్టంగా వినిపించింది.

“అమ్మ ఈడనే ఉండాది కదా!”

తర్వాత చప్పుడు లేదు. ఎవరో రిసీవర్ మీద చెయ్యి పెట్టినట్టున్నారు. కాసేపటికి హుసేన్‌బీ లైన్లోకి వచ్చింది.

“చిన్నపిల్ల మసూదా, దానికేం తెలుసు. పక్కింటి పిల్లోళ్లు అమ్మా అంటాంటే దానికీ అదే అలవాటైపాయ. అత్తా అనల్ల అని నేను చెప్తానే ఉండా. నీ ఫోటో కూడా రోజూ చూపిస్తాండా…”

“నీ తప్పేముంది వదినా,” అంది మసూదా. ఇంకేదో అనబోతే కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఆమె రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడింది. హుసేన్‌బీని మొగుడు వదిలేసి పదేళ్లయింది. పిల్లలు లేరు. ఆమెను అమ్మా అని పిలిచింది ఇన్నేళ్లలో ఫిజా ఒక్కతే. ఆ సంగతి మసూదాకి తెలుసు. తెలిసినా, ఇంకో కార్డు కొని మళ్లీ ఫోన్ చేయాలనిపించలేదు.

బుధవారం ఆమె ముఖం చూసి ఫాదర్ ఏమైందని అడిగాడు. ఎవరికీ చెప్పుకోనిది ఆయనకి చెప్పింది. ఆయన వెంటనే ఓదార్చలేదు.

“టెవెర్ నన్ను కొడుకన్నప్పుడు మా అమ్మకి ద్రోహం చేస్తున్నానేమో అని చాలాకాలం బాధపడ్డాను. ఒకసారి ఆ మాట టెవెర్‌తోనే అన్నాను. కోపం వచ్చింది ఆమెకి. ‘మీ అమ్మ కన్నది, నేను పేరు పెట్టాను. ఆమె పని నేనెక్కడ లాక్కున్నాను?’ అంది. కానీ నీకు బాధ లేకుండా పోదు. నాకూ పోలేదు,” అన్నాడు.

ముప్పై ఎనిమిదో డిస్క్ అన్నిటికంటే ఎక్కువ పాడైపోయింది. బూజు చక్రం మధ్యలో వలయంలా తినేసింది. మసూదా మిగతావి పక్కనపెట్టి దాని మీదే కూర్చుంది. ఒకసారి చదివిస్తే ఒక రకంగా, ఇంకోసారి చదివిస్తే ఇంకో రకంగా వస్తోంది. ఒక్కో ముక్కనూ ఇరవైసార్లు చదివించి, ఎక్కువసార్లు ఒకేలా వచ్చినదాన్ని నిలుపుకునేలా చిన్న ప్రోగ్రాం రాసింది. మూడు వారాలు పట్టింది. రెండు పేజీలు వచ్చాయి. మధ్యలో పదకొండు వరుసలు మాత్రం రాలేదు. అక్కడ అయస్కాంతపు పూతే లేదు. పూత లేనిచోట అక్షరం ఎక్కడినుంచి వస్తుంది?

ఫాదర్ ఆ కాగితాలు అందుకుని కిటికీ వెలుతురుకి తిప్పుకున్నాడు. మొదట అస్మత్‌లో చదువుకున్నాడు. తర్వాత ఆమె కోసం ఇంగ్లీషులో చెప్పాడు.

“‘నా కొడుకు నీళ్లలో పోయాడు. వాడికి కొయ్య చెక్కించాను. కొయ్యకి వాడి పేరు పెట్టాను. దాని ముందు ఏడ్చాను. పండుగయ్యాక సాగో చెట్ల కింద వదిలేశాం, అది కుళ్లి నేలలో కలిసిపోయింది. నా ఏడుపుకి ఒక చోటు దొరికింది. ఇప్పుడు నువ్వు పోతున్నావు. చావడం లేదు, పోతున్నావు. చావనివాడికి కొయ్య చెక్కరు. మరి ఈ ఏడుపుని నేనెక్కడ పెట్టుకోను?’”

అక్కడ ఖాళీ వచ్చింది. ఖాళీ తర్వాత ఒక్కటే వాక్యం మిగిలింది.

“‘పడవ వస్తే చూస్తాను. రాకపోయినా చూస్తాను.’”

మసూదా కిటికీ వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు ఆగడం లేదు.

“మధ్యలో ఏమందో మీకేమన్నా గుర్తొస్తోందా ఫాదర్?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “రాసేశాను కదా అన్న ధైర్యంతో మరిచిపోయాను,” అన్నాడు.

ఆ మరుసటి వారం ఆయన విద్యావతిని పిలిపించుకుని రెండు కోరికలు చెప్పాడు. మగవాళ్లంతా కూడే పెద్దింట్లో ఊరి పెద్దలు తనతో ఒట్టు వేయించుకుని చెప్పిన సంగతులు ఆ పెద్దల వారసులు ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చూపించకూడదు. మిగతా రాతలన్నీ పండితులకంటే ముందు ఆ ఊరికి చేరాలి, అదీ కాగితం మీద.

“లైబ్రరీ పాలసీ ప్రకారం కాపీలు బయటికి పంపడం అంత ఈజీ కాదు,” అంది విద్యావతి కారులో తిరిగొస్తూ.

“అవి వాళ్ల మాటలే కదా ఆంటీ. వాళ్ల మాటలు వాళ్లకు ఇచ్చేదానికి పాలసీ ఏముండాది?”

విద్యావతి సిగ్నల్ దగ్గర కారు ఆపింది. “సరే, నేను ఫైట్ చేస్తాలే. నువ్వు ప్రింట్ చెయ్యి,” అంది. అన్న మాట నిలబెట్టుకుంది. కమిటీ ముందు మూడుసార్లు కూర్చుని ఒప్పించింది. మసూదా కాంట్రాక్టు కూడా ఇంకో ఏడాది పొడిగించింది.

మసూదా అన్నిటినీ పెద్ద అక్షరాలతో అచ్చుతీసి, చెమ్మ తగలకుండా ఒక్కో కట్టనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించింది. జూన్‌లో నాలుగు పెట్టెలు బయలుదేరాయి. సెప్టెంబరులో ఆమె పర్మనెంట్ వీసా వచ్చింది, వెంటనే పాప వీసాకి కాగితాలు పెట్టింది. అక్టోబరులో ఆ ఊరి బడిపంతులు రాసిన జవాబు వచ్చింది. యూనివర్సిటీలో ఇండోనేషియన్ చెప్పే ఆవిడ దాన్ని ఇంగ్లీషులో రాసిచ్చింది.

టెవెర్ బతికే ఉంది. చూపు తగ్గింది. పంతులు ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఆ రెండు పేజీలూ చదివి వినిపించాడు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. మధ్యలో పోయిన మాటలేమిటని పంతులు అడిగితే, ఆమె అన్నది ఆయన ఉన్నదున్నట్టు రాశాడు: “నాకూ గుర్తులేదు. తల్లి ఏమంటుందో అదే అని ఉంటాను. అది కాగితం మీద ఉండాలా?” దాని కింద ఇంకో వరుస ఉంది: “వాడు వస్తాడా అని అడగమంది.”

ఫాదర్ మసూదా చేత ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. మొదటిసారి పకపకా నవ్వాడు. మూడోసారి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వెళ్లిరావచ్చా అని డాక్టర్‌ని అడిగాడు. ఆ గుండెతో విమానం కాదు కదా, మెట్లెక్కడం కూడా కష్టమన్నాడు డాక్టర్. అప్పుడు మసూదాని టైప్ చేయమని, టెవెర్‌కి అస్మత్‌లో నాలుగు వరుసలు చెప్పాడు. అర్థం ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక్కో శబ్దానికీ సరైన అక్షరం పడిందా లేదా అని మాత్రం ఇద్దరూ రెండుసార్లు సరిచూసుకున్నారు.

నవంబరు మొదటి వారంలో ఫాదర్ బ్రెండన్ పోయాడు. ఆ ఉత్తరం అప్పటికి ఊరు చేరిందో లేదో ఎవరికీ తెలియదు. ఆయన పోయిన కబురు మాత్రం చేరింది. ఆ ఊరివాళ్లు ఒక పెద్ద చెట్టు కొట్టి నదిలో తేల్చుకుని తెచ్చారనీ, బెవోర్ పేరుతో కొయ్య చెక్కుతున్నారనీ, టెవెర్ రోజూ వెళ్లి చెక్కేవాళ్ల పక్కన కూర్చుంటోందనీ కొత్త సంవత్సరంలో పంతులు రాశాడు.

అప్పటికి మసూదా నంద్యాల వెళ్లి వచ్చింది. బయలుదేరేటప్పుడు పాపను ఎలా అడగాలో, హుసేన్‌బీతో ఏమనాలో దారంతా అనుకుంటూ వెళ్లింది. తీరా ఇంటికి చేరేసరికి హుసేన్‌బీ పాప బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, పెట్టెలో సర్దేసి ఉంచింది. పెట్టె మీద పాప కోసం కొత్తగా కుట్టిన చిన్న బొంత ఉంది.

“తీసుకపో మసూదా,” అంది తల ఎత్తకుండా. “నీ బిడ్డ నీకాడ ఉండల్ల.”

మసూదా ఆమె పక్కన చాప మీద కూర్చుంది.

“నువ్వూ రా వదినా.”

“నేనా? ఆ దేశంలో నేనేం చేసేది?”

“ఇంత చిన్నబిడ్డను నీనుంచి పీక్కపోతే అది నన్ను ఎట్లా చూస్తాది? మూడు నెలల వీసా ఇస్తారు. వచ్చి ఉండు. దానికి నేనెవరో నీ నోటితో చెప్పు.”

హుసేన్‌బీ అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. వాకిట్లో దూది గుట్ట మీద ఎగురుతున్న ఫిజా వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, హుసేన్‌బీ ఒళ్లో కూర్చుంది.

హుసేన్‌బీ వచ్చింది. జనవరి నుంచి ఆ మూడు నెలలూ ముగ్గురూ మాసన్ లేక్స్‌లోని రెండు గదుల ఇంట్లో ఉన్నారు. హుసేన్‌బీ వంట చేసేది, మసూదా లైబ్రరీకి వెళ్లొచ్చేది. సాయంత్రాలు ముగ్గురూ చెరువు చుట్టూ నడిచేవాళ్లు. ఫిజా మధ్యలో నడుస్తూ మొదట్లో ఒక చెయ్యే పట్టుకునేది. మార్చి వచ్చేసరికి రెండు చేతులూ ఇచ్చేది. కానీ ‘అమ్మా’ అని పిలిస్తే పలకాల్సింది అప్పటికీ హుసేన్‌బీయే. మసూదాని ఏమని పిలవాలో తెలియక పాప ఆమె కొంగు లాగేది.

ఏప్రిల్‌లో హుసేన్‌బీ వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టులో ఫిజా ఆమె మెడ వదల్లేదు. మసూదా లాగలేదు. ఆఖరి పిలుపు దాకా అలాగే ఉండనిచ్చింది. చివరికి హుసేన్‌బీయే ఒక్కో వేలూ విడదీసి, పాపను మసూదా భుజం మీదికి ఎక్కించి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

పాప మూడు రోజులు సరిగా తినలేదు. తలుపు చప్పుడైతే పరుగెత్తుకెళ్లేది. మసూదా సెలవు పెట్టి పక్కనే ఉంది. మరిచిపొమ్మని గానీ, అత్త అనమని గానీ అనలేదు. నాలుగో రోజు పొద్దున పాలగ్లాసు ముందు కూర్చుని ఫిజా అడిగింది.

“అమ్మ ఎప్పుడొస్తాది?”

“మళ్లీ వీసా పెడదాం. వచ్చే ఏడాది వస్తాది,” అంది మసూదా.

“అంతదాకా?”

“అంతదాకా దినామూ ఫోన్ చేద్దాం. నాకు కూడా బెంగగానే ఉండాది ఫిజా.”

పాప ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దిగి వచ్చి ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుని, గ్లాసు దగ్గరికి లాక్కుంది.